తడవని ఇసుక

బంటి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఇవాళ్టికి 40 రోజులు. ఇన్నాళ్లూ రాద్దామని కూర్చున్నా చెయ్యి ఆడలేదు.

మాది హనుమకొండ. బంటి నాలుగేళ్ల మగపిల్లి. ఆ శనివారం సాయంత్రం నుంచి మాటిమాటికీ ఇసుక తొట్టిలోకి వెళ్లి కూర్చుని ముక్కుతున్నాడు. లేచి వచ్చి కింద నాక్కుంటున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. మలబద్ధకం అనుకున్నాను. మందుల షాపులో అడిగితే ఆముదం పట్టించమన్నారు. వాడు గింజుకుంటుంటే నోరు పట్టుకుని అరచెంచా పోశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆదివారం పొద్దున రెండుసార్లు వాంతి చేసుకుని మంచం కిందికి దూరాడు. చేపముక్క పెట్టినా తల తిప్పలేదు. ఎప్పుడూ చూపించే క్లినిక్‌కి ఫోన్ చేస్తే సెలవన్నారు. ఫోన్ ఎత్తినాయన నేను చెప్పేది సగం కూడా వినకుండా, "పిల్లే కదా మేడం, అదే సర్దుకుంటది. రేపు పొద్దున తీసుకురండి" అన్నాడు. నేనూ నమ్మేశాను. ఆ మాట మీద కోపం నాకింకా పోలేదు. తెలియకపోతే తెలియదనాలి, డాక్టర్‌ని కనుక్కుని చెప్తాననాలి. "మూత్రం పోస్తున్నాడా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మాకు ఆ రాత్రి వచ్చేది కాదు.

ఆ సంగతి పట్టుకుంది మా అత్తమ్మ. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి గానీ బయల్దేరని మనిషి. బంటిని తెచ్చిన కొత్తలో నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆదివారం రాత్రి పది గంటలకు తొట్టి ముందు కూర్చుని, ఇసుకంతా వేళ్లతో కెలికి చూసి, "నిన్నటి సంది ఇసుక తడ్వలేదు బిడ్డా. వీనికి దొడ్డికి కాదు, మూత్రమే వస్తలేదు" అంది. వాడి పొట్ట కింద చెయ్యి పెట్టాను. బత్తాయి కాయంత గట్టిగా తగిలింది. బంటి అరిచాడు. అలాంటి అరుపు వాడి నోట ఎప్పుడూ వినలేదు.

ఆ వేళకి ఊళ్లో ఒక్క డాక్టరూ దొరకలేదు. హైదరాబాద్‌లో రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఉందని తెలిసి మా ఆయన కారు తీశారు. దాదాపు 150 కిలోమీటర్లు. జనగామ దాటేదాకా అరుస్తూనే ఉన్నాడు. తర్వాత ఆగిపోయాడు. నిద్రపోయాడేమో అన్నారు మా ఆయన. నిద్ర కాదు. చెవులు, పాదాలు చల్లబడుతున్నాయి. ఎదురుగా లారీ వచ్చి లైటు పడినప్పుడల్లా పక్కటెముకలు కదులుతున్నాయా అని చూసేదాన్ని. లారీ వెళ్లిపోగానే చీకట్లో చేత్తో తడిమేదాన్ని. అత్తమ్మ తన కొంగు వాడి మీద కప్పి కూర్చుంది. రాయగిరి దగ్గరికి రాగానే యాదగిరిగుట్ట వైపు తిరిగి, "నోరు లేని జీవి తండ్రీ, వీన్ని మంచిగ ఇంటికి తోల్కపోనియ్యి. గుట్ట నడ్సి ఎక్కుత" అని మొక్కింది. మోకాళ్ల నొప్పులతో మా మేడ మెట్లే ఎక్కలేదావిడ.

ఆసుపత్రిలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ పొట్ట ముట్టుకుని వెంటనే లోపలికి తీసుకుపోయింది. గొట్టం వేశారు, సెలైన్ పెట్టారు. ఆముదం సంగతి చెప్తే తిట్టలేదు. బలవంతంగా పోసే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని మెల్లగా చెప్పింది. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుందట. స్ఫటికాలో, జిగురో అడ్డుపడితే మూత్రం లోపలే నిలిచి, రక్తంలో పొటాషియం పెరిగి, చివరికి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. బంటి గుండె అప్పటికే నెమ్మదించింది. తెల్లారేదాకా ఆ అమ్మాయి కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. ఆమె పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. బిల్లు ఎంతయిందో విని "పిల్లికి అంతా?" అన్నవాళ్లకి జవాబు చెప్పడం మానేశాను.

మగపిల్లి ఉన్నవాళ్లకి చేతులెత్తి చెప్తున్నాను. తొట్టిలో కూర్చుని ముక్కుతుంటే ముందు ఇసుక తడిసిందో లేదో చూడండి. తడవకపోతే తెల్లారేదాకా ఆగకండి. నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్లు తెల్లబడినా అంతే. మనం వేసుకునే పారాసెటమాల్ ముక్క కూడా వెయ్యకండి, పిల్లికి అది విషం. ఈ జబ్బు తిరగబెట్టొచ్చన్నారు కాబట్టి, మేమిప్పుడు ఎండు తిండి తగ్గించి నీళ్లు ఎక్కువ కలిపి పెడుతున్నాం.

పోయిన శనివారం అత్తమ్మ మొక్కు తీర్చుకుంది. నా భుజం పట్టుకుని, నాలుగు మెట్లకోసారి ఆగుతూ గుట్ట ఎక్కింది. రోజూ పొద్దున నేను లేచేసరికి ఆవిడ తొట్టి దగ్గరే ఉంటుంది. వంటింట్లోకి వచ్చి, "పోసిండు బిడ్డా" అంటుంది. అప్పుడు నేను స్టవ్ మీద టీ పెడతాను.