సోమవారం వైజాగ్‌లో దిగితే

వైజాగ్ వెళ్దామన్నది మా అబ్బాయి. మూడో తరగతి. బడిలో ఎవరో అక్కడి బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ లోపలికి వెళ్లొచ్చామని చెప్పారట, అప్పట్నుంచి ఇంట్లో అదే పాట. సంక్రాంతి సెలవుల్లో వాణ్ని, మా అమ్మని వెంటేసుకుని వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెల్లవారి విశాఖలో దిగాం. రూములో స్నానాలు, కింద హోటల్లో ఇడ్లీలు, ఆటోలో ఆర్కే బీచ్. అంతా అనుకున్నట్టే జరిగింది. సబ్‌మెరైన్ గేటుకు మాత్రం తాళం.

"ఇయాల సోమవారం కదమ్మా, సెలవు. రేపు రండి," అన్నాడు కాపలా ఆయన.

టికెట్లు, రూము, అమ్మ మోకాళ్ల నొప్పి మాత్రలు అన్నీ చూసుకున్నదాన్ని, ఆ ఒక్కటీ చూసుకోలేదు. వాడు ఏడిస్తే బావుండేది. ఏడవకుండా కంచె పట్టుకుని, ఇసుకలో పడుకున్న ఆ నల్లటి ఇనుప తిమింగలాన్నే చూస్తూ నిలబడ్డాడు. నాకు టెన్షన్ మొదలైంది.

మా పక్కింటివాళ్లైతే "వైజాగ్ పోయి అరకు చూడకపోతే ఎట్లా?" అని మరీ మరీ చెప్పి పంపారు. అరకు వందకు పైగా కిలోమీటర్లు, అదీ ఘాట్ రోడ్డు. ఉన్నదే రెండు రోజులు. అందులో ఒకటి కారులో కూర్చోవడానికి పోతుంది. నేను వద్దనుకున్నాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

ఆటో పాతబస్తీ వైపు తిప్పించాం. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి. గర్భగుడికి పైకప్పు ఉండదు, అమ్మవారు ఆకాశం కిందే ఉంటుంది. అంతకన్నా అమ్మను ఆశ్చర్యపెట్టింది ఇంకోటి. ఇక్కడ పూజ భక్తులే చేసుకోవచ్చు. గురువారాలు, అందులోనూ మార్గశిరంలో, కాలు పెట్టే సందు ఉండదట. మేం వెళ్లింది సోమవారం కాబట్టి తోపులాట లేదు. అమ్మ పసుపు, కుంకుమ తన చేత్తో వేసి, పసుపంటిన వేళ్లను చాలాసేపు కడుక్కోలేదు. "మన దగ్గర గడప అవతల నుంచే దండం పెట్టిస్తరు బిడ్డా," అంది బయటికొచ్చాక.

సాయంత్రం కైలాసగిరి. రోప్‌వేలో పైకి వెళ్లాం, తెల్లటి శివపార్వతుల విగ్రహాల ముందు అందరిలాగే ఫొటోలు దిగాం, టాయ్ ట్రైన్ ఎక్కాం. ట్రైన్‌లో సముద్రం వైపు సీటు దొరికితేనే ఎక్కండి, రెండో వైపు కూర్చుంటే చెట్లు తప్ప ఏమీ కనబడవు. మేం కూర్చున్నది రెండో వైపే.

చీకటి పడ్డాక మళ్లీ బీచ్‌కొచ్చాం. నీళ్లలోకి దిగనివ్వలేదు. ఆర్కే బీచ్‌లో అలలు లాగేస్తాయి, పాదాలు తడిస్తే చాలు. అక్కడ పిడత కింద పప్పు తిన్నాం. పేరు విని పప్పన్నం అనుకున్నాను. కాదు, మరమరాల మిక్చర్ కుప్ప మీద నిప్పులున్న చిన్న మట్టి పిడత కూర్చోబెట్టి ఉంది. ఆ సెగకు కుప్పంతా వెచ్చగా, కరకరలాడుతూ ఉంటుంది. అందులో ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇచ్చాడు. గాలికి పొట్లం ఎగిరిపోకుండా మావాడు రెండు చేతులతో పట్టుకుని, మూతి పెట్టి తిన్నాడు. పొద్దున్నుంచి వాడు నవ్వింది అప్పుడే.

మంగళవారం తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్. అమ్మ రానంది, తీరా వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఆటో దిగింది. మరపడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి, గంపలు చేతులు మారుతున్నాయి, ఒక మూల ఐసు దిమ్మలు పగలగొడుతున్నారు. ఆడవాళ్లు నేల మీద కూర్చుని రొయ్యల్ని సైజుల వారీగా వేరు చేస్తుంటే, వాళ్ల నెత్తి మీదుగా వేలంపాట కేకలు. ఎవరు ఎంతకు పాడారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పొడుగ్గా, వెండిలా మెరిసే చేపను చూపించి "వంజరమా?" అన్నాను. "కోనాం అమ్మా. ఏటి, కావాలా?" అందామె. వంజరానికి ఇక్కడి పేరు అది. రూములో ఎక్కడ వండుకుంటాం? అమ్మ కొంగు ఎప్పుడు జారిందో, వంగి మొప్పలు ఎత్తి చూస్తోంది. "తాజాగున్నది. ఎంతైనా మన కొర్రమట్ట రుచి రాదు," అని తేల్చేసింది, తినకుండానే.

మధ్యాహ్నం సబ్‌మెరైన్ తెరిచారు. ఐఎన్ఎస్ కుర్సురా, సోవియట్ యూనియన్‌లో కట్టింది. 1969లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరై 2002 నుంచి ఈ ఒడ్డునే మ్యూజియంగా ఉంది. పొడుగు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. ఎటు చూసినా పైపులు, చక్రాలు, మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంత గుండా దూరాలి. ముందు కాలు, తర్వాత నడుము, చివర తల. అమ్మ రెండో కంత దగ్గర ఆగి, మోకాలు పట్టుకుని, "నీళ్లల్ల ఉన్నప్పుడు గాలెట్లొస్తది?" అని గైడును అడిగింది. ఆయన ఓపిగ్గా డీజిల్ ఇంజన్లు, బ్యాటరీలు, గాలి కోసం పైకి రావడం అన్నీ చెప్పాడు. వెనకాల లైను ఆగిపోయింది. అమ్మ విన్నంతసేపూ విని, కంత దూరేసింది.

మావాడు టార్పెడో గొట్టాలు లెక్కపెట్టాడు. ముందు ఆరు, వెనక నాలుగు. నావికులు నిద్రపోయే బల్లల దగ్గర వాణ్ని కదిలించడం నా వల్ల కాలేదు. ఒకదాని మీద ఒకటి, మధ్యలో జానెడు చోటు. "దీంట్లో పొర్లితే పైవాడికి తగులుతుంది కదమ్మా?"

ఎదురుగా రోడ్డు దాటితే టీయూ-142, నౌకాదళం వాడి మానేసిన నిఘా విమానం, అదీ మ్యూజియమే. అదీ ఎక్కి దిగాం గానీ, వాడి మనసు సబ్‌మెరైన్‌లోనే ఉండిపోయింది.

తిరుగు రైల్లో కిటికీ వదిలేసి పై బెర్తు ఎక్కేశాడు. లైట్లు ఆర్పాక పైనుంచి గుసగుస:

"అమ్మమ్మా, మునుగుతున్నాం. గట్టిగా పట్టుకో."

"పట్టుకున్న గానీ, ముందు ఆ చెప్పులు విప్పు బిడ్డా."