గుంటూరు టికెట్టు

ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ విజయవాడ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు నేను చిలకలూరిపేట టికెట్టు తీసుకునేవాణ్ణి. మా ఇల్లేమో గుంటూరులో. నాకు నత్తి. ‘గ’ దగ్గరికి వచ్చేసరికి గొంతు బిగుసుకుపోతుంది. కండక్టర్ వచ్చి పక్కన నిలబడితే ఆ ఒక్క అక్షరం దాటడం నా వల్ల అయ్యేది కాదు. ‘చిలకలూరిపేట’ మాత్రం ఆగకుండా వచ్చేది. అందుకే పేట బస్సెక్కి, ఎక్కువ డబ్బులు పెట్టి ఆ టికెట్టు తీసుకుని, గుంటూరు బస్టాండులో గబగబా దిగిపోయేవాణ్ణి.

ఒకసారి కండక్టర్ గమనించాడు. "పేట టికెట్టు తీసుకుని ఇక్కడ దిగుతున్నావేంటి బాబూ?" అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం. నేను తల దించుకుని వచ్చేశాను. ఇంటికి నడిచినంతసేపూ లోపల ఒకటే మాట: "సొంత ఊరి పేరు కూడా చెప్పుకోలేవురా. నీదీ ఒక బతుకేనా?"

ఆ లోపలి మాట గురించే ఇది రాస్తున్నాను. నత్తి వల్ల పోగొట్టుకున్నదానికంటే ఆ లోపలి మాట వల్ల నేను పోగొట్టుకున్నదే ఎక్కువ.

నాకు నాలుగో ఏట మొదలైందట. నాయనమ్మ వసకొమ్ము సానరాయి మీద అరగదీసి తేనెలో కలిపి నాకించేది. ఎవరో చెప్పారని నోట్లో గులకరాయి పెట్టి పాఠాలు చదివించారు. అందరూ ప్రేమతోనే చేశారు, అందరూ "భయపడకు, నిదానంగా మాట్లాడు" అన్నారు. దాంతో నాకు అర్థమైంది ఒక్కటే, నేను పిరికివాణ్ణి కాబట్టే నాకు మాట రావడం లేదని.

హైదరాబాద్‌లో మొదటి ఇంటర్వ్యూ. నా పేరు కూడా ‘గ’తోనే మొదలవుతుంది. పేరు అడిగారు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. "ఏంటి, పేరు మర్చిపోయారా?" అని ఆయన నవ్వాడు. ఆ తర్వాత వచ్చిన రెండు పిలుపులకు నేను అసలు వెళ్లనే లేదు. రావద్దని ఎవరూ అనలేదు, లోపలి మాటే వెళ్లనివ్వలేదు.

గోడ మీద పోస్టర్ చూసి ఒకచోట 15 రోజుల క్లాసులో చేరాను. తొడ మీద వేలితో తాళం వేస్తూ ఒక్కో అక్షరం పలకడం నేర్పారు. క్లాసులో బ్రహ్మాండంగా వచ్చింది. బయటికొచ్చాక నెల తిరక్కుండానే మళ్లీ మామూలే. అప్పుడు లోపలి మాటకు ఇంకో ఆయుధం దొరికింది: "అందరికీ తగ్గింది, నీకే తగ్గలేదు." అద్దం ముందు నిలబడి "నేను ధైర్యవంతుణ్ణి" అని చెప్పుకుని చూశాను. నమ్మని మాట ఎన్నిసార్లు అన్నా మనసుకు ఎక్కదు. పోనీ, అలా అనుకోవడం మానేద్దామంటే, మందు మింగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్నట్టే అయింది.

26వ ఏట సికింద్రాబాద్‌లో ఒక స్పీచ్ థెరపిస్టు మేడమ్ దగ్గరికి వెళ్లాను. నత్తి పిరికితనం వల్ల రాదని, మాటను నడిపించే మెదడు పనితీరులోనే కొంత తేడా ఉంటుందని, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని, పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరికి ఉంటుందని ఆవిడ చెప్పాకే తెలిసింది. ఆ రాత్రి ఫోన్‌లో ఈ మాట చెబితే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా నాన్నకూ ఉండేదిరా" అంది. తాతయ్య మితభాషి అని ఊరంతా మెచ్చుకునేవాళ్లు. ఆయన ఎందుకు తక్కువ మాట్లాడేవాడో ఆ రోజే తెలిసింది. ఆయన ఎవరితోనూ చెప్పుకోకుండానే వెళ్లిపోయాడు. తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మేడమ్ నాతో ఒక నోట్‌బుక్ పెట్టించారు. మాట్లాడబోయే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నానో రాయాలి. ఆ తర్వాత నిజంగా ఏం జరిగిందో రాయాలి. మూడో గడిలో నాలో నేను అనుకున్న మాట, తిట్టయినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయాలి. పిలవకుండానే తన్నుకొచ్చే ఇలాంటి ఆలోచనలకు ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1960లలో ‘ఆటోమేటిక్ థాట్స్’ అని పేరు పెట్టాడట.

మొదటి పేజీలో మెడికల్ షాపు ఉంది. అనుకున్నది: "గ్యాస్ మాత్రలు అనలేను, నవ్వుతాడు." జరిగింది: "ఆగి విన్నాడు. స్ట్రిప్పు మొత్తం కావాలా, రెండు చాలా అని అడిగాడు." నవ్వినవాళ్లూ ఉన్నారు. కర్రీ పాయింట్‌లో ఒక కుర్రాడు నాలాగే నత్తిగా అని వెక్కిరించాడు. అదీ రాశాను. కానీ పేజీలు నిండుతున్నకొద్దీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కనిపించాయి.

అసలు దెబ్బ మూడో గడి చదివినప్పుడు తగిలింది. "చేతకాదురా నీకు", "నోర్మూసుకోరా వెధవా". ఆఫీసులో టీ తెచ్చే అబ్బాయిని కూడా నేను ‘మీరు’ అంటాను. నన్ను నేను మాత్రం ఇరవయ్యేళ్లుగా ఇలా పిలుచుకుంటున్నాను. ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉందా అని మేడమ్ అడిగితే మా అక్క కొడుక్కి ఈ మధ్యే మొదలైందని చెప్పాను. "వాడికి మాట ఆగితే మీరేమంటారు?" అని అడిగారు. "చెప్పు నాన్నా, వింటున్నా అంటాను" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పటి నుంచి గొంతు బిగిసినప్పుడల్లా లోపల ఆ మాటే అనుకోవడం మొదలుపెట్టాను, "చెప్పు నాన్నా, వింటున్నా" అని. మొదట్లో తిట్టే ముందు వచ్చేది, ఇది వెనకాల వచ్చేది. తిట్టును ఆపే ప్రయత్నం చేయలేదు, దాని తర్వాత ఈ మాట తప్పకుండా అనుకున్నాను, అంతే. ఐదారు నెలలకు కొన్నిసార్లు ఇదే ముందు రావడం గమనించాను.

దాంతోపాటు రోజుకు ఐదుసార్లు కావాలని నత్తిగా మాట్లాడమన్నారు. దాచాలన్న తాపత్రయం పోతే భయం సగం పోతుందట. పాల బూత్ దగ్గర మొదటిసారి "పా-పా-పాల ప్యాకెట్" అన్నప్పుడు చెమటలు పట్టాయి. తర్వాత ఆఫీసు మీటింగ్‌లో ముందే చెప్పేశాను, "నాకు నత్తి ఉంది, కాస్త టైం పడుతుంది" అని. మేనేజర్ "సరే, కానివ్వండి" అన్నాడు. ఆ రెండు ముక్కల కోసం నేను ఎన్నేళ్లు టెన్షన్ పడ్డానో!

నత్తి పోలేదు. తిట్టు కూడా పూర్తిగా పోలేదు. బాగా అలిసిపోయిన రోజు వస్తుంది. కానీ ఇప్పుడు గుంటూరు టికెట్టే తీసుకుంటున్నాను. ఒక్కోసారి నాలుగైదు సెకన్లు పడుతుంది. కండక్టర్ ఆగుతాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే మేనల్లుడు మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. "మావయ్యా, గా... గా..." అని ఆగిపోయాడు. చిన్నపిల్లల్లో చాలామందికి దానంతటదే తగ్గుతుందంటారు, అయినా వాణ్ణి థెరపిస్టుకు చూపిస్తున్నాం. అక్క ఆ మాట తను పూర్తి చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మోకాళ్ల మీద కూర్చుని వాడి మొహంలోకి చూస్తూ ఉన్నాను.

"గాలిపటం వేపచెట్టుకు చిక్కుకుంది" అన్నాడు.

దోటి వెతుక్కుని ఇద్దరం పెరట్లోకి వెళ్లాం.