వేరు చూడకుండా మందు వేసిన రెండేళ్లు

నా బఠాణీ మడిలో ఒక మూల ఉంది. వాన పడితే అక్కడ నీళ్లు రెండు రోజులైనా ఇంకవు. తీగలు జానెడు లేచేసరికి కింది ఆకులు పసుపుబారేవి. పూతకొచ్చేసరికి మొక్కలు ఎండిపోయేవి. మొదట నత్రజని చాలలేదనుకున్నాను. ఆ తర్వాత ట్రైకోడెర్మా, అంటే తెగులు శిలీంధ్రాలను తినే మేలు శిలీంధ్రం పొడి, వేయడం మొదలుపెట్టాను. రెండేళ్లు వరసగా వేసినా ఆ మూల బాగుపడలేదు.

మూడో ఏడు చిన్న పారతో మొక్క చుట్టూ తవ్వి, వేరు తెగకుండా తీసి, బకెట్టు నీళ్లలో కడిగాను. వేరు తెల్లగా లేదు, తేనె రంగులో మెత్తగా ఉంది. రెండు వేళ్లతో పట్టి లాగితే పైపొర చొక్కా చేయిలా జారి వచ్చేసింది. లోపలి నడిమి పోగు మాత్రం దారంలా మిగిలింది. నత్రజని పట్టే వేరు బుడిపెలు ఒక్కటీ లేవు. మొక్క పసుపుబారింది ఎరువు చాలక కాదు, నీళ్లు తాగడానికి మంచి వేరంటూ లేక.

మెరక వైపు వాడిన మొక్క తీస్తే కథ వేరు. విత్తనం అతుక్కున్న చోట ఎర్రటి గోధుమరంగు చారలు, నిలువునా చీలిస్తే లోపలా ఎరుపు. అది ఫ్యూజేరియం వేరుకుళ్లు. నీళ్లు నిలిచే మూలలోది అఫనోమైసిస్ వేరుకుళ్లు. పైకి రెండూ ఒకేలా ఎండిన మొక్కలే. అందుకే ఎవరు అడిగినా ముందు వేరు కడిగి చూడమంటాను.

అఫనోమైసిస్ అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజు జాతిది. దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాలు, తడి మట్టిలో ఈదుకుంటూ వేరును చేరతాయి. మందపాటి గోడ ఉన్న దాని విశ్రాంతి బీజాలు పదేళ్లు, అంతకన్నా ఎక్కువ కాలం కూడా మట్టిలో కాచుకుని ఉంటాయి. నీళ్లు నిలిచే మూలలోనే అది ఎందుకు పాతుకుందో అప్పుడు అర్థమైంది. ముందు అక్కడ కాలువ తీసి, గట్టిపడిన అడుగుమట్టిని గుల్ల చేశాను. నా లెక్కలో ఏ మందుకన్నా ముందు చేయాల్సింది ఇదే.

ట్రైకోడెర్మా పనికిరాదని కాదు. వేరుకుళ్లు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రం పోగుల చుట్టూ అది చుట్టుకుని, గోడ కరిగించి తినేస్తుంది. మొలక దశలో విత్తనాన్ని కుళ్లబెట్టే పిథియం మీద కూడా బాగా పనిచేస్తుంది. అది కాపలాదారు, అంతే. అఫనోమైసిస్ నిండిన మట్టిని శుభ్రం చేయమంటే దాని వల్ల కాదు. ఇప్పటికీ కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెడతాను, విత్తే ముందు చివరగా వేరు బుడిపెలు కట్టించే రైజోబియం బాక్టీరియా పట్టిస్తాను. శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ మందు పట్టించిన విత్తనానికి మాత్రం ట్రైకోడెర్మా కలపకండి, అది చచ్చిపోతుంది. మట్టిలో వేయాలంటే 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కిలో పొడి కలిపి, తడి ఆరకుండా నీడలో రెండు వారాలు ఉంచి, మూడు నాలుగు రోజులకోసారి తిరగేస్తాను. తెల్లటి బూజు పట్టి ఆకుపచ్చకు తిరిగితే సిద్ధమైనట్టే. పొడిని నేరుగా ఎండుమట్టిలో చల్లితే దానికి తిండీ లేదు, తడీ లేదు.

ఒక చిన్న మడికి సాయిల్ సోలరైజేషన్, అంటే ఎండ వేడితో మట్టిలోని తెగుళ్లను చంపడం, చేశాను. 1976లో ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ బృందం ప్రచురించిన పద్ధతి అది. మట్టిని బాగా తడిపి, మంచి ఎండలున్న రోజుల్లో పారదర్శకమైన పాలిథిన్ షీటు పరచి, అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల షీటు వద్దు, ఎండ దాన్ని దాటి మట్టిలోకి దిగదు. చిన్న మడికి ఇది మంచి పద్ధతే గానీ, పొలమంతా షీటు కప్పడం, ఆ తర్వాత ఆ చెత్త ఏం చేయాలన్నది నాకు మింగుడుపడలేదు.

మట్టిలోని తెగులును అణచడానికి ఆవాలు కూడా వేశాను. పూత దశలో సన్నగా నరికి, అప్పటికప్పుడే మట్టిలో కలియదున్ని నీళ్లు కట్టాలి. నలిగిన ఆవాకులోంచి వచ్చే ఘాటు ఆవిరే అక్కడ పనిచేసేది, గంటల తరబడి పైన వదిలేస్తే గాల్లో కలిసిపోతుంది. ఆ ఘాటు మొలకకూ పడదు కాబట్టి రెండు మూడు వారాలు ఆగి విత్తాలి. తెల్లబూజు తెగులు, అంటే స్క్లెరోటీనియా, ఉన్న మడిలో ఆవాలు వేయకండి. అది ఆవాలకూ వస్తుంది.

విత్తే ముందు మట్టి పరీక్ష మాత్రం మానను. అనుమానమున్న చోట పది చోట్ల మట్టి తీసి కలిపి, కుండీల్లో బఠాణీ నాటి, నెల రోజులు బాగా తడిగా ఉంచి వేళ్లు కడిగి చూస్తాను. మెరక మట్టిలో వేళ్లు తెల్లగా వచ్చాయి. ఆ మూల మట్టిలో ప్రతి వేరూ తేనె రంగే. ఆ రోజే అక్కడ బఠాణీ మానేశాను. మసూర కూడా వేయను, దానికీ ఇదే తెగులు సోకుతుంది. పారకు అంటిన మట్టితోనూ తెగులు పాకుతుంది కనుక ఆ మూల పని చివర్లో పెట్టుకుని, పారను అక్కడే కడుగుతున్నాను.

నాలుగేళ్లుగా అక్కడ ఓట్స్ వేసి, పచ్చిరొట్టగా కలియదున్నుతున్నాను. మట్టి గుల్లబారింది, వాన నీళ్లు ఒక పూటలో ఇంకుతున్నాయి. మొన్ననే ఆ మట్టి మళ్లీ ఐదు కుండీల్లో నింపి బఠాణీ నాటాను. అన్నీ మొలిచాయి. వేళ్లు చూడటానికి ఇంకా మూడు వారాలు ఆగాలి.