షైలాక్ ఆ రాత్రి

ఈరోజు ప్రత్యేకంగా ఏం జరగలేదు. మధ్యాహ్నం పుస్తకాల అర దులుపుతుంటే కాలేజీ నాటి షేక్‌స్పియర్ నాటకం ‘వెనిస్ వర్తకుడు’ చేతికొచ్చింది. నిలబడే కోర్టు సీను తిరగేయడం మొదలుపెట్టి, కాసేపటికి నేలమీద కూర్చుండిపోయాను.

అప్పు తీర్చలేకపోయిన వర్తకుడు ఆంటోనియో ఒంటి నుంచి, పత్రంలో రాసుకున్నట్టే మాంసం కోసుకుంటానని యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ పట్టుబడతాడు. మాంసం కోసుకో, రక్తం చుక్క మాత్రం కారకూడదు అని లాయరు వేషంలో వచ్చిన పోర్షియా అనగానే అప్పట్లో ఎంత సంబరపడ్డానో! ఆ తర్వాత ఏమైందో మాత్రం నాకు అస్సలు గుర్తులేదు. షైలాక్ క్రైస్తవుడిగా మారాలని ఆంటోనియో షరతు పెడతాడు. నిండు కోర్టులో, చట్టం సాక్షిగా. పైగా దాన్ని దయ అంటున్నారు. షైలాక్ సరేనంటాడు, ఒంట్లో బాగాలేదు, వెళ్లనివ్వండి అంటాడు, అంతే, ఇక కనిపించడు. చివరి అంకమంతా వెన్నెల, సంగీతం, ఉంగరాల గొడవ.

షైలాక్ మంచివాడని అనను, సాటి మనిషిని కోయడానికి అందరి ముందూ కత్తి నూరుకున్నాడు. కానీ ఆ నేరానికీ అతను ఏ దేవుడికి దండం పెట్టుకుంటాడన్నదానికీ ఏం సంబంధం?

ఇంగ్లండ్ నుంచి యూదులను 1290లో వెళ్లగొట్టారు, మళ్లీ రానిచ్చింది 1656లో. షేక్‌స్పియర్ ఈ నాటకం రాసింది 1590ల్లో. అంటే చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామందికి తన మతాన్ని బాహాటంగా పాటించే యూదుడు ఒక్కడు కూడా తెలిసుండడు, స్టేజీ మీద కనిపించినవాడే యూదుడు. ఇది తల్చుకుంటే భయమేసింది.

జపాన్ రచయిత ఎండో షుసాకు నవల ‘సైలెన్స్’ గుర్తొచ్చింది. 1966లో వచ్చింది. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో క్రైస్తవులను పట్టుకొచ్చి, మతం వదులుకున్నట్టు గుర్తుగా క్రీస్తు బొమ్మ మీద కాలు పెట్టమంటారు. ఊరికే లాంఛనం, కాలు మోపితే చాలు అని అధికారులు నెమ్మదిగా నచ్చజెబుతారు, అరుపులకన్నా ఆ నెమ్మదే నన్ను ఎక్కువ వణికించింది. ఎండో కూడా జపాన్‌లో కొద్దిమందే ఉన్న కాథలిక్కుల్లో ఒకడు. అందుకేనేమో కాలు మోపిన మనిషిని అక్కడే వదిలేయడు, వేరే పేరుతో, అధికారుల కనుసన్నల్లో అతను బతికిన రోజులన్నీ చూపిస్తాడు.

షైలాక్‌కి ఆ రోజులు ఎవరూ రాయలేదు. కోర్టు నుంచి ఇంటికెళ్తే కూతురు లేదు, ఎప్పుడో మతం మార్చుకుని వెళ్లిపోయింది. స్నేహితుడు ట్యూబల్ ఇంకా యూదుడే. ఆ రాత్రి అతను వచ్చి తలుపు తట్టి ఉంటాడా? తడితే షైలాక్ తీశాడా?