ముసురులో కోళ్ల షెడ్డు నేల ఆరబెట్టిన అనుభవం

మా పెరట్లో కోళ్ల షెడ్డు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. కింద సిమెంటు గచ్చు, దాని మీద పరిచిన వరి ఊక, పైన రేకులు. సగం నాటువి, సగం గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకం కలిపి 40 కోళ్లు. ఒక్కోదానికి రెండు చదరపు అడుగుల పైనే వస్తుంది కాబట్టి ఇరుకేం లేదు. అయినా శ్రావణంలో ముసురు పట్టేసరికి తలుపు తీస్తే చాలు, ముక్కు పగిలిపోయే కంపు.

మా అత్తగారిది ఒకటే మాట: "అమ్మాయ్, నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి కడిగేస్తే పోదూ?" ఎండాకాలంలో అయితే నిజమే, గంటలో ఆరిపోతుంది. కోనసీమ ముసురులో కడిగిన గచ్చు ఆరేదెప్పుడు? దాని మీద కొత్త ఊక పోస్తే సాయంత్రానికి అదీ తడే.

తణుకు వైపు లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల్లో చాలాకాలం పనిచేసి వచ్చిన బాబాయ్ ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. పిలిస్తే వచ్చి షెడ్డు మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. "నిలబడి చూస్తే ఏం తెలుస్తుందమ్మా, కోడి ముక్కు ఎక్కడుంటుందో అక్కడ పీల్చి చూడు" అన్నాడు. నేనూ కూర్చున్నాను. కళ్లు భగ్గుమని నీళ్లు కారాయి. రెట్ట తడిస్తే అందులోంచి అమ్మోనియా పుడుతుంది, దాని ఘాటంతా ముందు తగిలేది నేలబారున తిరిగే కోళ్లకే.

తర్వాత పిడికెడు ఊక తీసి గట్టిగా నొక్కి వదలమన్నాడు. కాస్త అంటుకుని మళ్లీ విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. అసలు అంటుకోకుండా జారిపోతే మరీ పొడి, దుమ్ము రేగి కోళ్లు తుమ్ముతాయి. మాది లడ్డూలా నిలబడింది.

కోళ్లని చావిట్లోకి తోలి పార పట్టాం. నీళ్ల డబ్బాల చుట్టూ పైకి మామూలు ఊకలాగే ఉంది. పార మొన దించి లేపితే పలకలు పలకలుగా వచ్చింది. అడుగున నల్లగా, జిగటగా, తెల్ల పురుగులతో. కోళ్లు ఎక్కి పడుకునే వెదురు దండెం కింద రాత్రుళ్లు పడ్డ రెట్ట వేరే గుట్ట. అక్కడ ఇప్పుడు పాత రేకు ముక్క పరిచాం, పొద్దున్నే తీసి దులిపేయడమే. నన్నడిగితే సగం పని తగ్గించింది ఆ రేకే.

గచ్చు బాగా గీకాకే పొడి సున్నం చల్లనిచ్చాడు బాబాయ్. తడి రెట్ట మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎగదన్నుతుందట. కోళ్లుండగా చల్లితే వాటి కళ్లూ కాళ్లూ మండుతాయి. టేబుల్ ఫ్యాన్ పెట్టి, గచ్చు తెల్లబడేదాకా ఆరబెట్టి, సున్నం ఊడ్చేసి, మిల్లు నుంచి తెచ్చిన ఊక నాలుగంగుళాల మందాన పోశాం. తవుడు కలవని, బూజు వాసన లేని ఊక ఏరి తెచ్చుకోవాలి.

నీళ్ల డబ్బాలు ఇటుకల మీద కోడి వీపు ఎత్తుకి లేపాం, చిందడం తగ్గింది. షెడ్డు పక్కలకి పరదాలు పైనుంచి వేలాడేసేవాళ్లం. ఇప్పుడు కింద నుంచి పైకి లాగి, పైన అడుగు మేర ఖాళీ వదులుతున్నాం. జల్లు లోపలికి రాదు, గాలి మాత్రం బయటికి పోతుంది.

ఈలోగా రెండు కోడిపిల్లలకి రెట్టలో రక్తం కనబడింది. పశువుల డాక్టరు గారు కాక్సీడియోసిస్ అని, అంటే కంటికి కనబడని క్రిమి వల్ల పేగులకి వచ్చే రోగమని చెప్పి నీళ్లలో కలపడానికి ఆంప్రోలియం అనే మందు రాసిచ్చారు. రెట్టతో పాటు బయటపడే ఆ క్రిమి గుడ్లు తడీ వెచ్చదనం దొరికితే ఒకట్రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకి వస్తాయట. మామూలు ఫినాయిల్‌కి చావవట. అది విన్నాక అత్తగారు బకెట్టు మాట ఎత్తలేదు.

ఇప్పుడు రోజూ చేసేది పెద్దగా ఏం లేదు. పొద్దున్నే గుప్పెడు నూకలు ఊక మీద చల్లితే కోళ్లే గీరి గీరి తిరగేస్తాయి. డబ్బాల దగ్గర, మూలల్లో అవి ముట్టని చోట నేను పళ్ల రేక్‌తో తిరగేస్తాను. ఎక్కడైనా అట్ట కట్టిందంటే అంతమేరా ఎత్తేసి, ఆ చోట పొడి ఊక పోస్తాను. మందం పెరుగుతున్నా ఫరవాలేదు, పొడిగా ఉంటే చాలు.

తీసిన పాత ఊకని అరటితోట వాళ్లు వెంటనే అడిగారు. పచ్చిది వేస్తే వేళ్లు మాడతాయని బాబాయ్ ఇవ్వనివ్వలేదు. పెరటి చివర కుప్ప పోసి, తాటాకులు కప్పి, కొన్ని నెలలు మాగనిచ్చి బస్తాల లెక్కన అమ్మించాడు. మిల్లు ఊక ఖర్చు దాంతోనే తీరిపోయింది.