గంటకు ముందరి చుట్టు

నాకు 55 నిండాయి. 35 దాటినవారి మాస్టర్స్ పోటీల్లో అయిదేళ్ల వయసుకొక వర్గం కాబట్టి కొత్త వర్గంలో నేనే చిన్నదాన్ని. నిన్న 1500 మీటర్లు పరుగెత్తాను: ముందు ముప్పావు చుట్టు, ఆపైన మూడు నిండు చుట్లు.

చివరి చుట్టు మొదలైందని చెప్పే గంట మోగే ముందరి నాలుగు వందల మీటర్లే అసలు పరీక్ష. నోట్లో ఇనుము రుచి, పిక్కలు రాళ్లు. నా ముందు, మాతోనే కలిసి పరుగెత్తుతున్న పై వర్గంలోని, అరవై దాటిన ఆమె. వీపు మీద లయగా ఊగుతున్న ఆమె జడనే చూస్తూ పరుగెత్తాను. దాటలేకపోయాను. గీత దాటాక ఆమే నా చేయి పట్టుకుని నిలబెట్టింది.

కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. ఆయన సాధన చాలావరకు ఇంటి దగ్గరి శ్మశానవాటికలో గంటల తరబడి నెమ్మదిగా పరుగెత్తడమే! రేపు నాకు విశ్రాంతి. ఎల్లుండి నెమ్మది పరుగు, గంటసేపు.