బాల్కనీ గోడ మీద తోట: 14 వారాల లెక్క

మా బాల్కనీలో ఒక కుర్చీ వేస్తే ఇక మనిషి నిలబడడానికే చోటుంటుంది. కుండీలు కింద పెడితే నడిచే దారి పోతుంది. అందుకే పక్క గోడను వాడుకుందామనుకున్నాను. గోడ వెడల్పు 120 సెంటీమీటర్లు, చేతికి అందే ఎత్తు 180. 5 వరసలు, వరసకి 4 చొప్పున 20 కుండీలు పట్టాయి. ఏం చేశానో, ఎక్కడ మొక్కలు పోయాయో అన్నీ రాసి పెట్టుకున్నాను. ఇలా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

మొక్కల జోలికి వెళ్లకముందు ఒక సెలవు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి వెళ్లి, ఎండ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీతలు గీశాను. కుడివైపు దాదాపు 5 గంటలు ఎండ పడుతోంది, ఎడమవైపు మాత్రం స్తంభం నీడ వల్ల 2 గంటలే. ఇంత చిన్న గోడలో ఇంత తేడా ఉంటుందని ఊహించలేదు. టమాటా, మిరప లాంటి కాయలు కాసేవాటికి కనీసం 6 గంటల ఎండ కావాలి కాబట్టి వాటిని అప్పుడే వదిలేశాను. ఆకుకూరలు 3, 4 గంటల ఎండతో సర్దుకుంటాయి, అవి కుడివైపుకి. మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, ఫెర్న్‌లకి నేరుగా ఎండ పడకపోయినా వెలుతురు చాలు, అవి ఎడమవైపుకి.

తర్వాత బరువు. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఒక్క కుండీని మట్టితో నింపి, బాగా తడిపి తూకం వేస్తే 1.8 కిలోలు వచ్చింది. అంటే 20 కుండీలకి 36 కిలోలు, వాటిని తగిలించే ఇనుప మెష్‌తో (జాలీతో) కలిపి 42 కిలోల దాకా. పొడిగా ఉన్నప్పుడు తూచి ఉంటే సగం కూడా వచ్చేది కాదు. అందుకే మామూలు మేకులు కాకుండా గోడకి డ్రిల్ చేయించి, రంధ్రంలో బిగుసుకుని పట్టుకునే యాంకర్ బోల్టులు 6 వేయించాను. మెష్‌కి, గోడకి మధ్య చెక్కపట్టీలతో 3 సెంటీమీటర్ల ఖాళీ వదిలాం. గాలి ఆడకపోతే గోడకి చెమ్మ పట్టి పెయింట్ ఊడిపోతుంది.

మొదటి రెండు వారాలూ గుడ్డ జేబుల్లాంటి సంచులు వాడాను. చూడడానికి బాగుంటాయి, కానీ అన్ని వైపుల నుంచీ తడి ఆరిపోయి, పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి లేవు. మూడో వారంలో వాటిని తీసేసి 2 లీటర్ల ప్లాస్టిక్ కుండీలకి మారాను. మట్టి మిశ్రమం: కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 2 వంతులు, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) 1, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) 1. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే కలిపాను. నేల మట్టి అసలు వేయలేదు, చిన్న కుండీలో అది గట్టిపడిపోతుంది, బరువూ ఎక్కువే.

ఇంక అసలు సంగతి నీళ్లు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది, ఎక్కువ నేర్పింది ఇదే. నాలుగో వారంలో పై వరసలో పుదీనా రోజూ మధ్యాహ్నానికి వాడిపోయేది, అదే సమయంలో కింది వరసలో పాలకూర పసుపెక్కి వేర్లు కుళ్లి మూడు కుండీలు పోయాయి. అన్నిటికీ ఒకే కప్పుతో కొలిచి పోస్తున్నా ఇలా ఎందుకవుతోందో అర్థం కాలేదు. ఒక రోజు నీళ్లు పోసి అక్కడే కూర్చుని చూశాను. పై కుండీలోంచి కారిన నీళ్లు దాని కింద కుండీలోకి, అక్కడ్నించి ఇంకా కిందకి... అట్టడుగు కుండీకి తన వాటాతో పాటు పైవాటి మిగులు కూడా చేరుతోంది. పైగా పై వరసకి ఎండ, గాలి ఎక్కువ.

అందుకని అమరిక మార్చాను. పైన వాము ఆకు, కలబంద లాంటి తడి తక్కువైనా తట్టుకునేవి, మధ్యలో ఆకుకూరలు, కింద పుదీనా, ఫెర్న్. వారం తిరక్కుండానే పుదీనా కొత్త చిగుర్లు వేసింది, నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఒక్క మాట, పుదీనాని విడి కుండీలోనే పెట్టండి, దాని తీగవేర్లు పక్క మొక్కకి చోటు లేకుండా చేస్తాయి.

ఏడో వారంలో డ్రిప్ పెట్టాను, అంటే ప్రతి కుండీకీ ఒక డ్రిప్పర్ (చుక్కలుగా నీళ్లు వదిలే చిన్న మూత) ఉన్న ట్యూబు లైను. మోటారు లేదు, 10 లీటర్ల బకెట్‌ని నేల నుంచి 2.3 మీటర్ల ఎత్తులో విడిగా గట్టి బ్రాకెట్ మీద పెట్టి, 4 మిల్లీమీటర్ల ట్యూబుతో కిందకి లైను. 5 నిమిషాలు వదిలి ఒక్కో డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి కొలిస్తే పై వరసలో 40 మిల్లీలీటర్లు, అట్టడుగున 75. బకెట్ నుంచి ఎంత కిందకి వెళితే నీటి ఒత్తిడి అంత పెరుగుతుంది, అందుకే ఈ తేడా. పైవాటి మిగులు ఎలాగూ చేరే కింది వరసకే ఇంకా ఎక్కువ పడుతోందన్నమాట! తిప్పి సర్దుకునే డ్రిప్పర్లు తెచ్చి, పైవి పూర్తిగా తెరిచి, కిందకి వచ్చేకొద్దీ బిగించుకుంటూ వచ్చాను. కొలవడం, బిగించడం, మళ్లీ కొలవడం, ఒక పూట పట్టింది కానీ ఆ తర్వాత వేర్లు కుళ్లిన కుండీ ఒక్కటీ లేదు. కుళాయికి నేరుగా కలిపేవాళ్లైతే ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు దొరుకుతాయి, అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా ఇస్తాయి. బకెట్ ఒత్తిడి మాత్రం వాటికి సరిపోదు.

పురుగులు పెద్దగా రాలేదు. పదో వారంలో కొత్త చిగుర్ల మీద పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి ఎండ దిగాక కొట్టాను, వారానికోసారి చొప్పున మూడుసార్లు. చిన్న కుండీల్లో నీళ్లతో పాటు పోషకాలు కూడా కారిపోతాయి కాబట్టి 15 రోజులకోసారి వర్మీకంపోస్ట్ నానబెట్టి వడకట్టిన నీళ్లు ఇస్తున్నాను.

ఇవాళ్టికి 14 వారాలు. 20 కుండీల్లో 18 పచ్చగా ఉన్నాయి. కొత్తిమీర రెండుసార్లు పోయింది, నారు పీకి నాటితే దాని తల్లివేరు తట్టుకోదు. ఈసారి నేరుగా కుండీలోనే గింజలు చల్లాను, నాలుగో వరస కుడి చివర. నిన్నటికి మూడు మొలకలు పైకి వచ్చాయి.